మిగిలిన ఆముదం

కిందటి నెల గుమ్మం దగ్గర జారిపడి కుడి మణికట్టు బెణికించుకున్నాను. చేతికి కసరత్తు చేయించడానికి ఒక అమ్మాయి రోజు విడిచి రోజు ఇంటికి వస్తోంది. పని మీద శ్రద్ధ ఉన్న పిల్ల. మొదటిరోజు నా రెండు చేతుల్నీ కిటికీ వెలుతురులోకి లాక్కుని, మోచేతుల దాకా ఉన్న పాత మచ్చల్ని వేలితో తడుముతూ చాలాసేపు చూసింది. "చిన్నప్పటివా అమ్మమ్మగారూ?" అంది. అవునన్నాను. "ఇంత లోతుగా కాలిన చర్మం బిగుసుకుపోయి వేళ్లన్నీ ముడుచుకుపోవాలి. మీకు ఒక్క చిటికెన వేలే వంగింది. అప్పట్లో ఎవరో మిమ్మల్ని చాలా బాగా చూసుకున్నారు" అంది. "నేనే చూసుకున్నాను" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "అయితే మిమ్మల్నే మెచ్చుకోవాలి" అని పనిలో పడింది. నేను కాదనలేదు. ఆమె వెళ్లాక కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే, ఆ జవాబు నోట్లోంచి అంత తేలిగ్గా రావడం నాకే విచిత్రంగా తోచింది. పదకొండేళ్ల వయసులో ఆ మాట అనమని కొట్టినా అనగలిగేదాన్ని కాదు. అప్పటి ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే ఎవరో పొరుగింటి పిల్లను చూస్తున్నట్టుగా ఉంటుంది. అందుకే ఇక్కడ ఆమె సంగతి చెప్పడం నాకు పెద్ద కష్టంగా లేదు.

మా నాయన పిడుగురాళ్ల పక్క పల్లెలో మిషను బడి పంతులు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. బడి, ఆదివారం ప్రార్థన జరిగే పాక, మా ఇల్లు అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. ఊరికి తూర్పున సున్నపు బట్టీలు. గాలి అటు నుంచి వీస్తే కాలిన రాయి వాసన ఇంట్లోకి వచ్చేది. దొడ్లో తుమ్మచెట్ల ఆకుల మీద ఎప్పుడూ తెల్లటి దుమ్ము. మా అమ్మ ఉతికిన బట్టలు ఆరేసే ముందు గాలి ఎటు ఉందో చూసుకునేది. తెల్లవారకముందే ఆమె రోట్లో జొన్నలు దంచే చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది. అప్పటికే నాయనమ్మ అరుగు మీద కూర్చుని వక్కాకు నమలడం మొదలుపెట్టి ఉండేది. జొన్నన్నం, గోంగూర పచ్చడి, కలిగిన రోజున మజ్జిగ. అమ్మ ఇంటి పని ముగించి పత్తిచేలకో మిరపచేలకో కూలికి పోయేది. పంతులు భార్య కూలికి పోవడమేమిటని ఎవరూ అనుకునేవారు కాదు, పంతులు జీతం ఎంతో అందరికీ తెలుసు. కిరసనాయిలు దొరక్క ఇళ్లల్లో మళ్లీ ఆముదం దీపాలు వచ్చాయి. ఆ మసకవెలుతురులో నాయన బైబిలు చదివేవాడు. కళ్లకు ఆనకపోయినా చాలా వాక్యాలు ఆయనకు కంఠతా వచ్చు కనక చదువు ఆగేది కాదు.

మా ఇంట్లో ఎవరినీ మెచ్చుకునేవారు కాదు. ఇది చెడ్డతనం వల్ల కాదు. నాయనమ్మ పెద్ద వయసులో బాప్తిస్మం తీసుకుంది గాని, దిష్టి భయం మాత్రం ఆమెను వదల్లేదు. ఎవరన్నా "నీ మనవరాలికి ఎంత ఒత్తు జుట్టో" అంటే, "ఏం ఒత్తులే, అంతా పేలకొంప" అనేది. వాళ్లు అటు వెళ్లగానే గుప్పెడు ఉప్పు నా తల చుట్టూ తిప్పి పొయ్యిలో పోసేది. ఉప్పు చిటపటలాడితే ఎంత దిష్టి తగిలిందో చూడమని మురిసిపోయేది. నాయనది వేరే దారి. ఎవరు ఏ మంచి మాట అన్నా, "మహిమ దేవునికి, ఇందులో మాదేం లేదు" అనేవాడు. బడి తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరు పిల్లల చేతిరాత చూసి బాగుందంటే కూడా అదే మాట. ఆయన వినయంలో అబద్ధం ఉండేది కాదు. కాని ఇద్దరు పెద్దల మధ్య పెరిగిన పిల్లకు మెచ్చుకోలు అంటే వేరేవాళ్ల వస్తువు పొరపాటున మన ఇంటికి వచ్చినట్టు, వెంటనే తిరిగి ఇచ్చేయాలన్నట్టు అలవాటైపోయింది.

ఆ ఎండాకాలం బడికి కొత్త గది కట్టడం మొదలైంది. తాపీ పనివాళ్లు ఆవరణలో ఒక గుంట తవ్వి, బట్టీ నుంచి వచ్చిన సున్నపు రాయి అందులో పోసి నీళ్లు పోశారు. కాల్చిన రాయికి నీళ్లు తగిలితే అన్నం ఉడికినట్టు ఉడుకుతుంది, కుతకుతమని పొంగి ఆవిర్లు కక్కుతుంది. మమ్మల్ని దగ్గరకు రావద్దన్నారు. గుంట చుట్టూ ముళ్లకంప కూడా వేశారు. మధ్యాహ్నం వాళ్లు అన్నాలు తినడానికి అవతలి నీడకు వెళ్లారు. బడి గోడకు అటుపక్క సైదులు కొలిమి. క్వారీ పనివాళ్ల ఉలులూ గునపాలూ కాల్చి పదును పెట్టడం అతని పని. అతని భార్య ఖాసింబీని నేను పిన్నీ అని పిలిచేదాన్ని. వాళ్ల కొడుకు మస్తానుకు మూడేళ్లు. వాడు మేకపిల్ల వెంటబడి కంప సందులోంచి దూరాడు. నేను మా వంటింటి గుమ్మంలో కూర్చుని పప్పు ఏరుతున్నాను. కేక విని తలెత్తేసరికి వాడు గుంట అంచున ఒక కాలు లోపలికి జారి, చేతుల్తో మట్టిని పట్టుకుని వేలాడుతున్నాడు. నేను పరుగెత్తాను. మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ సున్నంలోకి పెట్టి వాడి కాలు పట్టుకుని పైకి లాగాను. నీళ్ల కుండ దగ్గరకు ఎత్తుకుపోయి వాడి కాలి మీద నీళ్లు పోశాను. కుండలో నీళ్లు అయిపోతే బావి దగ్గరకు వెళ్లాను. నా చేతుల సంగతి నాకు తట్టలేదు. అప్పటికి పెద్దవాళ్లు వచ్చారు. ఎవరో నా చేతులు చూసి, "అయ్యో ఈ పిల్లవి కూడా" అన్నది గుర్తుంది.

ఇద్దరినీ సాయంత్రం రైల్లో నర్సరావుపేట ఆస్పత్రికి తీసుకుపోయారు. వారాల తరబడి అక్కడే ఉన్నాం. మస్తాను బతికాడు, కాలు కూడా నిలిచింది, కాని వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి, మడమ బిగుసుకుపోయి నడకలో కుంటు వచ్చింది. నా చేతులకు కొత్త చర్మం ఎర్రగా, ముడతలు ముడతలుగా వచ్చింది. ఇంటికి పంపే రోజున నర్సమ్మ మా అమ్మను కూర్చోబెట్టి చెప్పింది. "రోజూ నూనె రాసి చర్మం సాగదీయండి, వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి వంచి చాపండి. పిల్ల ఏడుస్తుంది, ఏడవనివ్వండి. మానేశారో, ఈ వేళ్లు గుప్పిటలాగా మూసుకుపోతాయి." ఆ మాటే పిల్లవాడి కాలి గురించి ఖాసింబీ పిన్నికీ చెప్పింది.

ఇంటికి వచ్చాక ఊరంతా మమ్మల్ని చూడటానికి వచ్చింది. బట్టీ కూలీలు, చుట్టుపక్కల చేలల్లో ఉన్న రైతులు, ఎక్కడెక్కడివాళ్లో. "పంతులుగారి పిల్లది ఏం గుండెనో" అనేవారు. నాయనమ్మ నన్ను లోపలికి పంపేసి ఉప్పు తీసేది. ఆదివారం ప్రార్థనలో నాయన నన్ను లేపి నిలబెట్టి, కృతజ్ఞత చెప్పి, "ఇది దేవుడు చేసిన కార్యం, ఇందులో మా పిల్ల గొప్పేం లేదు" అన్నాడు. నేను తల ఊపాను. ఆ మాట నాకు హాయిగానే ఉంది, ఎందుకంటే గొప్ప లేదని నాకు ముందే తెలుసు. ఎదురుగా చాప మీద ఖాసింబీ పిన్ని వచ్చి కూర్చుని ఉంది, ఆమె ఒళ్లో మస్తాను, వాడి కాలికి గుడ్డ చుట్టి ఉంది. జనం నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నా చూపు ఆ కాలి మీదే ఉండేది. కాలు కాలిపోయిన పిల్లవాడి ముందు కాపాడిన పిల్లనని ఎట్లా నిలబడటం? నాకు ఆ లెక్క కుదిరేది కాదు.

నర్సమ్మ చెప్పినట్టు అమ్మ మొదట్లో ప్రయత్నించింది. నేను పెట్టే కేకలకు ఆమెకు చేతులు ఆడేవి కావు. తెల్లవారితే చేలోకి పోవాలి. "రేపు రాస్తాలే" అనేది. నేను ఆ రేపును రానివ్వలేదు. నొప్పి ఒక్కటే కారణం కాదు. ఆ చేతుల్ని చూడబుద్ధయ్యేది కాదు. పైటకొంగు లేని వయసు గనక పరికిణీ మడతల్లో దాచుకునేదాన్ని. వానలు పడేసరికి ఎడమచేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ లోపలికి వంగడం మొదలుపెట్టాయి. వంగితే వంగాయిలే అనుకున్నాను. ఆ అనుకోవడంలో ఏడుపు కూడా లేదు. మస్తాను కాలు వంకరైంది కదా, నా వేళ్లు కూడా వంకరైతే సరిపోతుందన్నట్టు ఉండేది. పిల్లల బుర్రలో ఇలాంటివి ఎట్లా పుడతాయో ఎన్నేళ్లు బడిలో పనిచేసినా నాకు పూర్తిగా అంతుపట్టలేదు.

ఖాసింబీ పిన్ని ఖాళీ చేతులతో మా గుమ్మం తొక్కేది కాదు. కోడిగుడ్లు, పండక్కి సేమ్యాలు, ఒకసారి నాకని గుంటూరు నుంచి తెప్పించిన గాజులు. ఆమె గొంతు వినగానే నేను గాదె వెనక్కి వెళ్లిపోయేదాన్ని. ఒకరోజు ఆమె గాదె దగ్గరకే వచ్చింది.

"ఏమే సుగుణా, నన్ను చూస్తే దాక్కుంటావేంది?"

"నాకివన్నీ ఎందుకు పిన్నీ. నేను చేసిందేం లేదు."

నాయన దగ్గర నేర్చుకున్న మాట గనక అది వినగానే ఆమె మెత్తబడుతుందనుకున్నాను. ఆమె ముఖం గట్టిపడింది.

"ఏం లేదా? మావాడు ఇయ్యాల బువ్వ తిన్నాడు, కోడిపిల్లను తరిమాడు, నా జుట్టు పట్టుకు పీకాడు. అది నీకు ఏం లేకుండా పోయిందా? నువ్వు ఏం లేదన్నప్పుడల్లా నా బిడ్డ పానం కూడా ఏం లేదన్నట్టే ఉంటది నాకు."

గాజులు అక్కడే గాదె మీద పెట్టి వెళ్లిపోయింది. కొన్నాళ్లు మా ఇంటికి రాలేదు. ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. నేను తిరస్కరిస్తున్నది నా గొప్పను మాత్రమే అనుకున్నాను. అవతల ఒక తల్లికి అది ఇంకో రకంగా తగులుతోందని అప్పటిదాకా నా ఊహకు అందలేదు.

ఆమె రాకపోయినా నేను వాళ్లింటికి వెళ్లడం మానలేదు, మస్తాను కోసం. వాడు కాలికి నూనె రాయనిచ్చేవాడు కాదు. తల్లి పట్టుకుంటే తన్నేవాడు, సైదులు పట్టుకుంటే ఊపిరి బిగబట్టి నీలంగా అయ్యేవాడు. నా దగ్గర మాత్రం ఊరుకునేవాడు. గోరువెచ్చని ఆముదం గిన్నె పక్కన పెట్టుకుని, వాడి పాదం ఒళ్లోకి తీసుకుని, బొటనవేలు రాజుగారు, పక్కది మంత్రిగారు, రాజుగారికి కోపం వచ్చి మంత్రిగారిని అవతలికి జరగమన్నాడు అని కథ కట్టి, ఒక్కొక్క వేలే లాగేదాన్ని. నొప్పి పుడితే వాడు మూలిగేవాడు. "అబ్బా, నొప్పెట్టిందా తండ్రీ, అయిపోయింది, ఇంకొంచెం, నువ్వు చానా మంచోడివి" అనేదాన్ని. దీపాలకే నూనె చాలని రోజుల్లో ఖాసింబీ పిన్ని ఆ గిన్నె నిండా ఎట్లా పోసేదో నేను అడగలేదు.

ఒకరోజు పొద్దున అలాగే రాస్తున్నాను. మస్తాను నిద్రలోకి జారాడు. ఖాసింబీ పిన్ని కొలిమి దగ్గర బొగ్గులు జల్లించి వచ్చి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా గొంతుకూర్చుంది. నా ఎడమచేతి వేళ్లు సరిగా చాపుకోక, వాడి మడమను అరచేతి అంచుతో నొక్కుతున్నాను. ఆమె చూపు ఆ చేతి మీదే ఉంది.

"ఈడు కుంటుతా పోతుంటే నువ్వెప్పుడన్నా కుంటోడా అని పిలిచావా?" అంది.

"ఎందుకంటాను?"

"ఆ కాలు చూస్తే అసయ్యం పుడతదా నీకు?"

"పుట్టదు పిన్నీ. వాడేం చేశాడు పాపం."

"మరి నీ చెయ్యేం చేసిందే?"

నేను ఎడమచెయ్యి పరికిణీ మడతలోకి లాక్కున్నాను.

"ఈడి కాలు కాలింది సున్నానికి. నువ్వు కాల్చలా. నీ చేతులూ సున్నానికే కాలినయ్. ఈడి కాలికి కతలు చెప్తావు, తండ్రీ అంటావు. నీ చేతిని మాత్రం దొంగను దాసినట్టు దాస్తావు. ఇదేం న్యాయమో నాకర్తం కాదు." గిన్నె నా వైపు జరిపింది. "మిగిలింది రాసుకో. నేను రాయను. నేను రాస్తే మళ్లీ నాకెందుకు చేస్తావంటావు. నువ్వే రాసుకో, ఈడికి రాసినట్టు."

ఆమె లేచి వెళ్లిపోయింది. నేను కుడిచేతి వేళ్లు ఆముదంలో ముంచి ఎడమచేతి మీద పెట్టాను. చర్మం నేను అనుకున్నంత గరుకుగా లేదు. నునుపుగా, కొంచెం వేడిగా, ఎవరిదో చెయ్యి ముట్టుకున్నట్టు ఉంది. చిటికెన వేలు పట్టుకుని వెనక్కి లాగితే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇంకొంచెం" అన్నాను. పక్కన నిద్రపోతున్న పిల్లవాడితో అన్నట్టే అన్నాను గాని, అన్నది నా చేతితో. గొంతు మాత్రం బయటికి రానివ్వలేదు. ఎవరన్నా వింటే పిచ్చిదనుకుంటారని సిగ్గు.

ఆ రోజు నుంచి మస్తాను కాలయ్యాక మిగిలిన ఆముదం నా చేతులకు. కొన్ని రోజులు మానేసేదాన్ని. మానేసిన మర్నాడు నన్ను నేను తిట్టుకోబోయి, పిల్లవాడు ఒకరోజు రాయనివ్వకపోతే ఏం చేస్తానో గుర్తు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టేదాన్ని. చలికాలం వచ్చేసరికి పక్క వేలు నిటారుగా అయింది. చిటికెన వేలు మాత్రం ఆలస్యమైపోయింది, అది వంగే ఉండిపోయింది. బలపం పట్టుకోగలిగాను, రోకలి పట్టుకోగలిగాను. గాదె మీది గాజులు తెచ్చి వేసుకున్నాను. వాటిని ఖాసింబీ పిన్ని చూసింది. వంటింట్లోకి వెళ్లి ఒక రొట్టె తెచ్చి చేతిలో పెట్టింది, అంతే.

ఆ తరువాత కొన్నాళ్లకు మాచర్ల వైపు నుంచి సైదులు తండ్రి మనవణ్ణి చూడటానికి వచ్చాడు. పెద్ద వయసు, తెల్లగడ్డం, కళ్లు సరిగా కనపడవు. నేరుగా మా ఇంటికి వచ్చి, పంతులుగారి పిల్ల ఎక్కడని అడిగాడు. నన్ను ముందుకు తోశారు. ఆయన తడుముకుని నా రెండు చేతులూ పట్టుకుని, మచ్చల మీద బొటనవేళ్లతో రాస్తూ, "మా ఇంటి దీపం నిలబెట్టావు తల్లీ, నీ మేలు మరిచిపోము" అన్నాడు. పక్కన నాయన గొంతు సవరించుకున్నాడు. "మహిమ దేవునికి తాతా, ఇందులో మా పిల్ల…"

"దేవుడికి రోజూ ఐదుసార్లు చెప్పుకుంటా పంతులుగారూ. ఆయన బాకీ ఆయనదే" అన్నాడు ముసలాయన, మర్యాదగానే. "ఇది ఈ పిల్లకని మాచర్ల నుంచి మోసుకొచ్చా. ఆమెకే ఇచ్చుకోనీయండి."

నాయన ఆగిపోయాడు. నాయనమ్మ అప్పటికే ఉప్పు కుండ దగ్గర ఉంది. నాకు మామూలుగా చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. గుమ్మం దగ్గర మస్తాను ఒక కాలి మీద గెంతుతున్నాడు. వాడి కాలు నాకు కనిపిస్తూనే ఉంది, కాని ఈసారి గెంతుతున్న పిల్లవాడు కూడా కనిపించాడు. "మంచిది తాతా. నాకూ వాడు బతికినందుకు చానా బాగుంది" అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. ఎంతో దూరం మోసుకొచ్చినది దించుకున్న మనిషిలా కనిపించాడు.

తరువాత కథ పెద్దగా లేదు. మస్తాను పెద్దవాడై పిడుగురాళ్లలో లారీల మరమ్మతు పనిలో కుదిరాడు. గుంట సంగతి వాడికి ఏమీ గుర్తులేదు. కాలికి నూనె రాస్తూ రాజుగారి కథలు చెప్పిన అక్కగా మాత్రమే నేను గుర్తు. అది నాకు నచ్చింది. ఖాసింబీ పిన్ని నా పెళ్లికి వచ్చి ఇంటిమనిషిలా వంటల దగ్గర కూర్చుంది. ఇప్పుడు ఊళ్లో గుంటలు తవ్వి సున్నం తడిపేవాళ్లు లేరు, సున్నం బస్తాల్లో వస్తుంది. మెచ్చుకోళ్లకు కూడా కరువు లేదు. మా మనవల ఫోన్లలో పొద్దున లేస్తే అవే. అయినా ఆ పిల్లలు కూడా ఎవరన్నా ఎదురుగా నిలబడి మనసారా ఒక మంచి మాట అంటే, అచ్చం అప్పటి నాలాగానే చూపు తిప్పేసుకోవడం గమనించాను. మాట వినబడటం వేరు, దాన్ని లోపలికి రానివ్వడం వేరు. లోపల తనను తాను ఓర్చుకోలేని మనిషికి బయటివాళ్లు ఎంత చెప్పినా నిలవదు. నాకు తెలిసింది ఇంతే. ఇది నా తెలివితో కనిపెట్టింది కాదు, కొలిమి పక్కన ఒక తల్లి విసుక్కుంటే తెలిసింది.

నేను పంతులమ్మనయ్యాక, నాయన ఉద్యోగం మానుకుని మా దగ్గరికి వచ్చి ఉన్నాడు. ఒకరోజు ఏమీ తోచక మా బడికి వచ్చి, వెనక బల్ల మీద కూర్చుని నా పాఠం మొత్తం విన్నాడు. పిల్లలు వెళ్లాక ఉత్తరీయం సర్దుకుంటూ, "పిల్లలకు బాగా పట్టుబడేటట్టు చెప్తున్నావే" అన్నాడు. నాకు తెలిసి ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. వెనకే దేవుని మాట వస్తుందని కాచుకున్నాను. రాలేదు. "అవును నాయనా, బాగానే చెప్తాను" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు గాని కోప్పడలేదు. ఇద్దరం ఇంటిదారి పట్టాం. కాస్త దూరం నడిచాక నేనే అన్నాను. "నువ్వు కూడా నాకు చదువు చానా బాగా చెప్పావు నాయనా."

ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. పది అడుగులు అలాగే నడిచి, నా వైపు చూడకుండా, చిన్నపిల్లవాడు అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"ఏది బాగా చెప్పాను? లెక్కలా, తెలుగా?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇల్లు వచ్చేదాకా ఆయన ఒక్క మాటా అడ్డం రాకుండా విన్నాడు.